గోవిందయ్య పలుకు

మా లారీ ఓనర్ల సంఘం పెద్దమనుషులకు తెలియని విషయం లోకంలో లేదు. మనం అడగక్కర్లేదు, వాళ్లే చెప్తారు. నరసరావుపేట ఆఫీసులో బుకింగు క్లర్కుగా చేరినప్పటి నుంచి వింటూనే ఉన్నాను. డీజిలు రేటు ఎందుకు పెరుగుతోందో, టైరు ఎక్కడ కొనాలో, పెళ్లయిన ఆడపిల్ల ఉద్యోగం చెయ్యొచ్చో లేదో, అన్నీ నా టేబులు ముందు కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతూ తేల్చేస్తారు. అలా తేల్చిన వాటిలో ఒకటి కొత్త చాట్ సిస్టమ్. దాన్ని తీసుకెళ్లి మాచర్ల గోవిందయ్య మెడకు చుట్టారు.

గోవిందయ్య మంచివాడని మొదలుపెడితే అబద్ధం చెప్పినట్టవుతుంది. చిన్నప్పుడు నాపరాళ్ల క్వారీలో రాళ్లెత్తాడు. తర్వాత లారీ మీద క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, నడి వయసులో సొంత బండి కొనుక్కున్నాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం భూమ్మీద పట్టేది కాదు. యార్డు ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర బండి కింద పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. ఆ కేకలో సగం బూతులే. నన్ను మాత్రం "అమ్మాయ్ హిమజా" అని పిలిచేవాడు, నేను "బాబాయ్" అనేదాన్ని. ఎవరి వంతు ఎవరు కొట్టేసినా ముందు అరిచేది ఆయనే. న్యాయం మీద ప్రేమ కన్నా అరవడం మీద ప్రేమ ఎక్కువని నా అనుమానం. అయినా ఆయన అరుపుకు భయపడి చాలామంది న్యాయంగా ఉన్నారు.

వంతు అంటే ఏమిటో చెప్పాలి. మా యార్డులో బండ్లు వరసలో నిలబడతాయి. లోడు రాగానే వరసలో ముందున్న బండి నంబరు నేను పిలుస్తాను. ఓనరు స్వయంగా "ఉన్నా" అనాలి. అంటే పలికినట్టు, లోడు ఆయనది. పలకకపోతే వంతు వెనక బండికి పోతుంది. వెనకటికి బ్రోకర్లు ఊళ్లో లేని ఓనర్ల తరఫున తామే పలికి లోడ్లు మింగేసేవారట, అందుకని ఈ పద్ధతి పెట్టారు. బియ్యం, పత్తి బేళ్లు, సిమెంటు బస్తాలు ఇలా వంతు మీదే పోతాయి. వంతు పోగొట్టుకున్న వాళ్లకు చివరికి మిగిలేది పిడుగురాళ్ల బట్టీల సున్నం పొడి. కళ్లు మండుతాయి, చర్మం చిట్లుతుంది, ఆ లోడు ఎవరూ కావాలని ఎత్తరు.

అలాంటి గోవిందయ్యకు గొంతులో పుండు లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేసి మాట పుట్టే పెట్టెనే తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు, ఇక ఊపిరి దాని గుండానే. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. దుమ్ము జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ముక్కయితే కొంత ఆపుతుంది, ఆ రంధ్రంలోకి పోయిన దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఆయన భార్య సీతారావమ్మ పాత నేత చీరలు చింపి, పలచటి గుడ్డలు కుట్టి ఆయన మెడకు కట్టేది. గొంతుకు ఆనించుకుని మాట్లాడే మిషను ఒకటి ఆసుపత్రి వాళ్లు ఇచ్చారు. యార్డులో ఒకసారి పెట్టుకుని మాట్లాడాడు. మా వీరులంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మిషను మళ్లీ ఎవరికీ కనపడలేదు.

ఇక "ఉన్నా" అని పలకలేడు గనక బండి అమ్మేస్తాడనుకున్నాం. అమ్మేవాడే, కరోనా రాకపోతే.

కరోనాలో యార్డులో గుంపు కూడటం కుదరలేదు, వంతు ఫోన్ల మీదికి మారింది. వాట్సాప్ పెట్టుకోవచ్చుగా అని మీరు అడగొచ్చు. పెట్టారు. పొద్దున్నే దేవుళ్లు, పూలు, శుభోదయాలు, కషాయం తయారుచేసే విధానాలు. నేను పిలిచిన బండి నంబరు ఆ పూల కింద ఎక్కడో ఊపిరాడక చచ్చేది. అప్పుడు ఉపేంద్రన్న తన పాత సిస్టమ్ ఇచ్చాడు. ఉపేంద్రన్నది ఒకప్పుడు బస్టాండు దగ్గర పేరున్న నెట్ సెంటరు. పరీక్షల రిజల్ట్స్ కోసం వచ్చిన కుర్రాళ్లు అమ్మాయిలనుకుని అబ్బాయిలతోనే గంటలు గంటలు చాటింగు చేసి పోయేవారు. ఆ కాలం నాటి ఐఆర్‌సీ చాట్ రూము ఒకటి ఆయన దగ్గర ఇంకా నడుస్తూ ఉంది. బొమ్మలు పంపలేం, గొంతు పంపలేం, వట్టి అక్షరాలు. పిలిస్తే "ఉన్నా" అని టైపు చెయ్యాలి, అంతే.

గోవిందయ్యకు అది ప్రాణం పోసింది. అందరూ టైపు చేస్తున్నారు, ఆయనా చేశాడు. అక్కడ ఎవరికీ గొంతు లేదు గనక ఆయనకు లేని లోటు కనపడలేదు. వంతుకు లోడు దొరికేది, బియ్యమో పత్తో ఎత్తుకుని పోయేవాడు. సున్నం వైపు చూడాల్సిన పని లేకుండా పోయింది.

అంతటితో ఊరుకుంటే ఆయన గోవిందయ్య ఎందుకవుతాడు? నోరు పోయింది గానీ నోటి దురద పోలేదు. మా ప్రెసిడెంటు ధనుంజయరావు బావమరిది బండ్లు వరసలో ఎక్కడున్నా ముందుకు జరిగి వస్తుంటాయి. అది యార్డులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. గోవిందయ్య రూములో అందరూ చూస్తుండగా టైపు చేశాడు: "నిన్న సున్నం ఎత్తాల్సిన బండి ఇవాళ బియ్యం ఎట్టా ఎత్తింది ప్రెసిడెంటు గారూ? దారిలో జాతకం మారిందా?" మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు ఇంకొకటి. ఆయన్ని రూములోంచి తీసెయ్యమని ధనుంజయరావు ఉపేంద్రన్నకు చెప్పాడు. కారణం ఏం రాయమంటారని ఉపేంద్రన్న అడిగాడు. కారణం దొరకలేదు.

అప్పుడు మా ప్రెసిడెంటు గారికి ఆధునికత మీద ప్రేమ పుట్టింది. పాత చాట్ పనికిరాదన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నెట్ పోతే రూములోంచి బయటపడతాం, తిరిగొచ్చేసరికి ఏం జరిగిందో కనపడదు. లోడు చీటీ ఫొటో పంపడానికి లేదు. మార్చాలని ఉపేంద్రన్న కూడా ఎప్పటి నుంచో అంటున్నాడు, అప్పుడు ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆయన్నే పిలిచి కమిటీ వేశారు. నరసరావుపేట నుంచి ధనుంజయరావు, గురజాల నుంచి ఆనందరావు, మాచర్ల నుంచి మహబూబ్. ముగ్గురూ మీటింగుకు ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు.

ఉపేంద్రన్న పాపం రాత్రంతా చదువుకుని, మూడు కొత్త చాట్ ప్రోగ్రాములు చూపించడానికి వచ్చాడు. "ఇయ్యన్నీ ఓపెన్ సోర్స్ అండీ. మన సర్వర్లో మనమే పెట్టుకోవచ్చు," అన్నాడు.

"ఓపెన్ సోర్స్ అంటే ఏందయ్యా?" అన్నాడు ధనుంజయరావు.

"దాని కోడు అందరికీ కనపడుద్ది. కావాలంటే మనం మార్చుకోవచ్చు. లైసెన్సు కొనే పన్లేదు."

"అంటే తలుపులు బార్లా తీసిన ఇల్లన్నమాట."

"కాదండీ. ఇంటి ప్లాను అందరికీ తెలుసు, తాళంచెవి మాత్రం మన దగ్గరుంటది."

"ఊరకనే వచ్చే దాంట్లో క్వాలిటీ ఏముంటదిలే," అన్నాడు ఆనందరావు. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పిలవకుండానే మొదటి బంతిలో కూర్చునే మనిషి ఆయన. ఊరకనే వచ్చే దాని క్వాలిటీ గురించి మాట్లాడటానికి ఆయన్ని మించిన అర్హుడు లేడు.

ఉపేంద్రన్న ముందు జులిప్ అనేది చూపించాడు. అందులో ఏ విషయం దారిన ఆ విషయం విడిగా నడుస్తుంది, సున్నం మాటలు బియ్యం మాటల్లో కలవవు. నాకు చాలా నచ్చింది, మా పనికి అచ్చంగా సరిపోయేది. ధనుంజయరావు కాసేపు చూసి, "ఒక్కో విషయానికి ఒక్కో తలకాయ పెట్టుకోవాలంటే మావల్ల కాదు, మాకుండేది ఒక్కటే తలకాయ," అన్నాడు. అది కూడా నాకు అనుమానమే. మ్యాటర్‌మోస్ట్ చూపిస్తే పేరు పలకడం కష్టమన్నారు. మ్యాట్రిక్స్ అనేది చూపిస్తూ, ఇందులో ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకోవచ్చు, అయినా అందరూ ఒకే రూములో మాట్లాడుకోవచ్చు అని ఉపేంద్రన్న ఏదో మాటవరసకు అన్నాడు. ఆ ఒక్క ముక్కే ముగ్గురి చెవులకూ ఎక్కింది.

"మా మాచర్లోళ్ల మాటలు నరసరావుపేట డబ్బాలో ఎందుకుండాల? మాకో సర్వరు గావాల," అన్నాడు మహబూబ్.

"గురజాలకేం తక్కువ?" అన్నాడు ఆనందరావు.

అందరికీ కలిపి ఒక్కటి చాలని ఉపేంద్రన్న మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? మూడు ఊళ్లకు మూడు సర్వర్లు వచ్చాయి. ఎవరి పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉండాలని పట్టుబట్టి, పక్క ఊరి వాళ్లకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాసుకున్నారు. గురజాలలో సర్వరును అద్దాల బీరువాలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండ వేశారు. గాలి ఆడక అది వేడెక్కి ఆగిపోతే ఉపేంద్రన్న బస్సెక్కి వెళ్లి దండ తీసి వచ్చాడు.

అసలు విషయం చివరి మీటింగులో బయటపడింది.

"కొత్త దాంట్లో వాయిస్ మెసేజీ ఉంది గదా," అన్నాడు ధనుంజయరావు, అప్పుడే గుర్తొచ్చినట్టు. "ఓనరే స్వయంగా పలకాలనేది మన పెద్దోళ్లు పెట్టిన పద్ధతి. టైపింగు ఎవడైనా చేస్తాడు. ఇయ్యాల్టి నుంచి వాయిస్‌లో 'ఉన్నా' అంటేనే పలికినట్టు."

టైపింగు ఎవడైనా చేస్తాడన్న సంగతి ఆయనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఆయన పేరు మీద టైపు చేస్తున్నది నేనే.

"మరి గోవిందయ్య బాబాయ్ ఎట్టా పలుకుతాడండీ?" అన్నాను.

"పద్ధతి పద్ధతేనమ్మాయ్. ఒక్కడి కోసం సంఘాన్ని మార్చలేం గదా."

ఆ ఒక్కడి కోసమే మూడు సర్వర్లు కొన్న మనిషి ఈ మాటన్నాడు. ఆనందరావు తలూపాడు. మహబూబ్ గోవిందయ్య ఊరివాడు, ఆయన ఇంట్లో అన్నం తిన్నవాడు. పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. టీ గ్లాసులు తీసి ట్రేలో గట్టిగా పడేశాను, ఎవరికీ వినపడలేదు.

కొత్త సిస్టమ్ మొదలైంది. గోవిందయ్య వంతు వచ్చిన రోజు నేను నంబరు పిలిచాను. వాయిస్ మెసేజీ వచ్చింది. నొక్కితే లారీ హారను. మాచర్ల రోడ్డు మీద ఆ హారను ఎవరిదో పసిపిల్లలు కూడా చెప్తారు. "హారను ఎవడైనా కొడతాడు, చెల్లదు," అన్నాడు ధనుంజయరావు. వంతు వెనక బండికి పోయింది.

మరుసటిసారి సీతారావమ్మ పలికింది. "ఉన్నాడయ్యా, నా పక్కనే ఉన్నాడు. బండి కాడే ఉన్నాం, లోడు ఇయ్యండి," అంది. "ఓనరు పేరు గోవిందయ్య గదా తల్లీ, సీతారావమ్మ కాదుగా," అని నా పక్కన నిలబడి ధనుంజయరావు చాలా మర్యాదగా వాయిస్‌లో చెప్పాడు. ఆ మర్యాద వింటుంటే నాకు చెంప పగలగొట్టాలనిపించింది. ఉద్యోగం ఆయన చేతిలో ఉంది, కొట్టలేదు. వెనక బండి ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటాను. బావమరిదిదే.

"మిగిలిన లోడు ఉంటే నాకు రాయమ్మాయ్," అని గోవిందయ్య నాకు విడిగా టైపు చేశాడు. మిగిలింది సున్నం. వద్దు బాబాయ్, డాక్టరు ఏం చెప్పాడో గుర్తు లేదా అని రాశాను. "బండి కదలకపోతే ఇల్లు కదలదు," అని జవాబు వచ్చింది. మెడకు తడి గుడ్డలు ఒకదాని మీద ఒకటి కట్టుకుని సున్నం ఎత్తుకుని పోయాడు. తిరిగొచ్చాక ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడితే చూశాను. గుడ్డ తెల్లగా గట్టిపడిపోయి ఉంది. దగ్గినప్పుడు శబ్దం నోటిలోంచి రాలేదు, ఆ గుడ్డ లేచి పడింది. సీతారావమ్మ పక్కన నిలబడి నా వైపు చూసింది. ఆ గుడ్డ విప్పి వేరేది కట్టింది.

ఆ దగ్గుతోనే మళ్లీ వరసలోకి వచ్చాడు. కొద్దిరోజులకు ఆయన వంతు తిరిగి వచ్చింది. బియ్యం లోడు, చెన్నై. ఆ పొద్దున ఆఫీసులో ధనుంజయరావు ఉన్నాడు, ఉపేంద్రన్న స్పీకరు బిగిస్తున్నాడు. మెసేజీలు అందరికీ వినపడాలని కొత్త స్పీకరు తెప్పించింది ప్రెసిడెంటు గారే. నేను గోవిందయ్య బండి నంబరు పిలిచాను.

వాయిస్ మెసేజీ వచ్చింది. నొక్కాను.

మాట లేదు. హారను లేదు. గాలి లోపలికి పోతున్న చప్పుడు, అంతే. కొలిమి తిత్తి చిరిగితే ఎలా ఉంటుందో అలా, తడిగా, బరబరా. లోపలికి పోయిన గాలి దేనికో తగులుకుని ఆగింది. తర్వాత దగ్గు. గొంతు లేని దగ్గు ఎలా ఉంటుందో నేనంతకు ముందు అంత దగ్గరగా వినలేదు. గుడ్డ తీసేసి, ఫోనును మెడ మీద రంధ్రానికే ఆనించి పెట్టాడు మనిషి. మళ్లీ గాలి లోపలికి పోయింది, మళ్లీ దగ్గు వచ్చింది. స్పీకరు కొత్తది కావడంతో ఒక్క చప్పుడు కూడా పోకుండా వినిపించింది. మూడు ఊళ్లలో, బండ్లలో, టీ కొట్ల దగ్గర, ఫోనున్న ప్రతివాడూ అదే వింటున్నాడు.

దాని కింద ఒక లైను టైపు చేసి ఉంది: "ఉన్నా. ఇది ఇంకెవుడన్నా జేస్తే లోడు వాడికే ఇయ్యండి."

ధనుంజయరావు మొహం కందగడ్డయింది. "ఏంది ఈ అసయ్యం! ఉపేంద్రా, ముందు దాన్ని తీసెయ్," అన్నాడు.

ఉపేంద్రన్న స్పీకరు వైరు చేత్తో పట్టుకునే, "ఆ మెసేజీ మూడు సర్వర్లలోనూ పడింది. మన దాంట్లో తీస్తానండీ," అన్నాడు. "మాచర్ల పాస్‌వర్డు మహబూబ్ గారి దగ్గరుంది, గురజాలది ఆనందరావు గారి దగ్గరుంది. వాళ్లూ తీయాల. ఎవరిది వాళ్లకే గావాలని మీరే గదా అన్నారు."

అంతలో మాచర్ల నుంచి వాయిస్ వచ్చింది. మహబూబ్. "మా సర్వర్లోది మేం తియ్యం. గోవిందయ్య పలికాడు. ఇన్నాం," అన్నాడు. ఫ్యాను మీది నుంచి చూపు దించడానికి ఆయనకు ఇంత దగ్గు వినాల్సి వచ్చింది. ఆ వెనకే డ్రైవర్ల మెసేజీలు వరసగా పడ్డాయి. ఇన్నాం, ఇన్నాం, మేమూ ఇన్నాం. ఒకప్పుడు ఆ మిషను గొంతుకు పొట్ట పట్టుకుని నవ్వింది వీళ్లే. గురజాల ఆనందరావు నుంచి ఏమీ రాలేదు, ఎటు గాలి వీస్తుందో చూస్తూ ఉండి ఉంటాడు.

నేను ధనుంజయరావు వైపు చూడలేదు. రికార్డు బటను నొక్కి, "మాచర్ల గోవిందయ్య పలికాడు. బియ్యం లోడు ఆయనదే," అన్నాను.

"నన్ను అడక్కుండానే?" అన్నాడు ఆయన.

"పద్ధతి పద్ధతే గదండీ," అన్నాను. లోడు చీటీ మీద బాబాయ్ బండి నంబరు రాశాను.

రూలు ఇప్పటికీ మారలేదు. మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మా పెద్దమనుషుల బాధ. అందుకని వంతు వచ్చినప్పుడల్లా గోవిందయ్య ఫోను మెడకు ఆనించి ఊపిరి పీలుస్తాడు, మూడు ఊళ్లూ వింటాయి. సున్నం ఎత్తడం మానేశాక ఆ ఊపిరిలో బరబర కొంచెం తగ్గింది. కింద టైపు చేసే తిట్లు మాత్రం పెరిగాయి, బావమరిది బండ్లు ఇప్పుడు వరసలోనే నిలబడుతున్నాయి. ఆ మెసేజీ వచ్చే వేళకు ధనుంజయరావు బయటికి వెళ్లి నిలబడతాడు. పోతూ పోతూ, సౌండు కాస్త తగ్గించమ్మాయ్ అంటాడు. స్పీకరు నా టేబులు మీదే ఉంది. నేను తగ్గించను.